థాంక్స్‌గివింగ్ గుమ్మానికి మొక్కజొన్న జడా, గుమ్మడికాయా?

అమెరికాలో జరుపుకునే థాంక్స్‌గివింగ్ పండుగకు ప్లాస్టిక్ ఆకులు కొనకుండా, 1621లో అక్కడి ప్లిమత్‌లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన వలసదారులు జరుపుకున్న కోతల విందును గుర్తుచేసే సహజ వస్తువులతోనే ఇల్లు అలంకరించాలనుకునే వారికి ముందుగా కనిపించేవి రెండు: రంగురంగుల ఎండు మొక్కజొన్న పొత్తులు, గుమ్మడికాయలు. రెండూ అమెరికా మూలవాసులు వేల ఏళ్లుగా పండించిన పంటలే.

చరిత్రకు దగ్గరగా ఉండాలంటే నా మొగ్గు మొక్కజొన్న వైపే. ఆ ఏడాది సుమారు 20 ఎకరాల్లో వేసిన మొక్కజొన్న బాగా పండిందని, బఠాణీ మాత్రం కోయడానికి కూడా పనికిరాలేదని ఆ వలసదారుల్లో ఒకడైన ఎడ్వర్డ్ విన్‌స్లో తన లేఖలో రాశాడు. చేపలను ఎరువుగా వేసి మొక్కజొన్న పండించడం వలసదారులకు నేర్పినవాడు టిస్క్వాంటమ్ అనే మూలవాసి. పొత్తుల పైపొరలను వెనక్కి ఒలిచి, కాస్త తడిపి, జడలా అల్లి తలుపుకు వేలాడదీస్తే, ముదురు ఎరుపు, నీలం, పసుపు గింజలు ఒకే పొత్తు మీద గాజుపూసల్లా మెరుస్తాయి. సంక్రాంతికి పిచ్చుకల కోసం చూరుకు వరికంకుల కుచ్చులు కట్టే ఇళ్ల నుంచి అమెరికాకు వెళ్లిన తెలుగువారికి ఈ జడ ఎంతో ఆత్మీయంగా తోస్తుంది. బాగా ఆరిన పొత్తులు ఏళ్ల తరబడి నిలుస్తాయి కానీ, వాటిని ఎలుకలకు అందకుండా, కొవ్వొత్తులకు దూరంగా ఉంచాలి.

గుమ్మడికాయతో శ్రమ తక్కువ. కోయకుండా, తొడిమతో సహా చల్లని వరండాలో పెడితే వారాలపాటు ఉంటుంది. చెక్కితే మాత్రం కొద్ది రోజుల్లోనే కుళ్లిపోతుంది. పండుగయ్యాక వంటకు పనికిరావడం దీని ప్రత్యేక లాభం, అయితే పక్కన పేర్చిన చేదైన అలంకార సొరకాయలను పొరపాటున కూడా వండకూడదు.