మాయ పడకపోతే చేత్తో తీయించాలా, వదిలేయాలా?

రెండేళ్ల క్రితం మా జెర్సీ ఆవు కవల దూడల్ని వేసింది. మామూలుగా ఆవు ఈనిన 8 గంటల్లోపు మాయ (కడుపులో దూడను చుట్టి ఉండే పొర) పడిపోతుంది. తెల్లారినా తోక కింద వేలాడుతూనే ఉంటే టెన్షన్ పట్టలేక, మాయ తీయడంలో చేయి తిరిగిన మనిషిని పిలిపించాం. అరగంట లాగి, ముక్కలు ముక్కలుగా బకెట్‌లో వేశాడు. హమ్మయ్య అనుకున్నాం. మూడో రోజుకి ఆవు దాణా ముట్టలేదు. ఎర్రగా, పలచగా, ముక్కు మూసుకోవాల్సినంత కంపుతో నీరు కారింది. జ్వరం 105. ఆవు బతికింది గానీ, ఆ ఏడు మళ్లీ చూడి కట్టలేదు.

ఎందుకిలా జరుగుతుందో తర్వాత తెలుసుకున్నాను. గర్భసంచి లోపలి గోడకు దాదాపు వంద బొడిపెలుంటాయి. మాయ వాటిని బొత్తాలు పెట్టినట్టు పట్టుకుని ఉంటుంది. పట్టు వదలకముందే లాగితే బొడిపెలు చిరిగి రక్తం వస్తుంది, ముక్కలు లోపలే మిగిలిపోతాయి. చేతి వెంట వెళ్లిన ఈ. కోలై లాంటి క్రిములకు అంతకంటే ఏం కావాలి? పైగా ఆవుకి బ్రూసెల్లా అనే అంటుజబ్బు క్రిమి ఉంటే, ఉత్త చేత్తో లాగిన మనిషికీ అంటుకుంటుంది. వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలవు. నెలలు నిండకుండా ఈసుకుపోయిన పశువు మాయనైతే గ్లౌజులు లేకుండా అసలు ముట్టుకోవద్దు.

మాయ లోపలుండగానే గర్భంలో బోలస్‌లు (పెద్ద మందు బిళ్లలు) పెట్టించేవాళ్లూ ఉన్నారు. వట్టి చేత్తో లాగడం కంటే నయమే అనిపిస్తుంది గానీ, టెట్రాసైక్లిన్ రకం మందు మాయ కుళ్లి ఊడే పనినే నెమ్మదింపజేస్తుంది. పైగా మందు పాలలోకి దిగుతుంది.

వదిలేస్తే 4 నుంచి 10 రోజుల్లో అదే కుళ్లి పడిపోతుంది. కొట్టంలో వాసన భరించాలి, అంతే. కాళ్లకు తగిలేంత పొడవుంటే కింది భాగం కత్తిరించవచ్చు. బరువుకి జారుతుందని మాయకు రాయి, చెప్పు మాత్రం కట్టొద్దు. వదిలేయడమంటే పట్టించుకోకపోవడం కాదు. 10 రోజులూ పొద్దున్నే థర్మామీటర్ పెట్టాలి. 103 దాటినా, మేత మానేసినా ఆగకుండా డాక్టరుకి చూపించాలి. డాక్టరు రాలేని చోట పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయాలి. అప్పుడు పనిచేసేది కండకు వేసే యాంటీబయాటిక్. డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆ పాలు కేంద్రానికి పోయకూడదు.

నా ఓటు వదిలేయడానికే. పోయినేడు మా ఇంకో ఆవుకి మాయ నిలిచిపోయినప్పుడు ఇంట్లో అందరూ లాగించమన్నా ఒప్పుకోలేదు. రోజూ 101, 102 మధ్యే చూపించింది. ఆరో రోజు పాలు పితుకుతుండగా దబ్బుమని పడింది. సున్నం చల్లి లోతుగా పూడ్చాం. మూడు వారాల తర్వాత చీము లేదు. రెండో నెలలో ఎదకొచ్చినప్పుడు కారే జిగురు తీగ గాజులా తేటగా ఉంది. అది చూశాకే చూడి సూది వేయించాను.