పాత ఎంజీబీకి ఓవర్‌డ్రైవ్ మేలా, మాజ్డా గేరుబాక్సు మేలా?

శ్రీపెరుంబుదూరు దాటి బెంగళూరు హైవే మీద నాలుగు గేర్ల పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీని గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నడిపితే ఇంజను నిమిషానికి దాదాపు 3,500 చుట్లు తిరుగుతుంది. ఆ హోరు తగ్గించాలనే కోరికతోనే చెన్నైలో ఈ కారు ఉన్నవారు గేరుబాక్సు మార్పు గురించి ఆలోచిస్తారు. అందుకు మూడు దారులున్నాయి.

మొదటిది, ఆ కారుకే కంపెనీ ఇచ్చిన లేకాక్ ఓవర్‌డ్రైవ్ (పై గేరులో ఇంజను చుట్లను ఇంకా తగ్గించే అదనపు యంత్రాంగం) ఉన్న గేరుబాక్సు. దీని నిష్పత్తి (బాక్సు నుంచి బయటికి వచ్చే షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజను తిరిగే చుట్లు) 0.82 కనుక అదే వేగంలో ఇంజను చుట్లు 2,850 దగ్గరకు దిగుతాయి, కారు అసలు రూపం చెడదు. అయితే మామూలు గేరుబాక్సుకు ఓవర్‌డ్రైవ్‌ను విడిగా తగిలించడం కుదరదు, ఎందుకంటే లోపలి మెయిన్ షాఫ్టే వేరు. మొత్తం బాక్సు తెప్పించుకోవాలి. పైగా సొలెనాయిడ్‌తో (కరెంటుతో కదిలే మీటతో), నూనె ఒత్తిడితో పనిచేసే ఈ యంత్రాంగం తెలిసిన మెకానిక్కులు అరుదు.

రెండవది, ఫోర్డ్ సియెర్రా కారులో వాడిన టైప్ 9 అనే ఐదు గేర్ల బాక్సు. ఐదో గేరు బాగానే ఉంటుంది కానీ, మొదటి గేరు నిష్పత్తి 3.65, రెండవది 1.97 కావడంతో వాటి మధ్య దూరం ఎక్కువ. మౌంట్ రోడ్డు రద్దీలో క్షణక్షణమూ ఆ రెండింటి మధ్యే చెయ్యి ఆడుతుంది కనుక ఈ నగరానికి దీన్ని నేను సిఫారసు చేయను.

మూడవది మాజ్డా ఎంఎక్స్-5 స్పోర్ట్స్ కారు బాక్సు. మొదటి గేరు 3.14, రెండవది 1.89, ఐదవది 0.81; గేర్లు దగ్గరదగ్గరగా ఉండి చేతికి మెత్తగా పడతాయి. 1967కు ముందటి ఎంజీబీలలో మొదటి గేరుకు సింక్రోమెష్ (తిరిగే పళ్ల వేగాలను కలిపి గేరు సులువుగా పడేలా చేసే ఏర్పాటు) లేదు కనుక, బండి పూర్తిగా ఆగితే తప్ప ఆ గేరు వేయలేక విసిగినవారికి ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి: ఎంఎక్స్-5 మన దేశంలో అమ్మలేదు కాబట్టి బాక్సు, దాన్ని ఎంజీబీకి బిగించే కిట్టు రెండూ దిగుమతి చేసుకోవలసిందే, క్లచ్ ప్లేటుకు మాజ్డా స్ప్లైన్ (షాఫ్టు గాళ్లకు సరిపోయే పళ్లు) ఉండాలి, వెనుక చక్రాల వైపు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును కొలతకు తగ్గించి బ్యాలెన్స్ చేయించాలి. ఈ చివరి పని అంబత్తూరు లేత్ షాపుల్లో చేయించవచ్చు గానీ, బ్యాలెన్సింగ్‌లో తేడా వస్తే ఆ అదురు గేరుబాక్సు వెనుక బేరింగును తినేస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి అది తగిన చోటు కాదు.

ఎంజీబీలో గేరుబాక్సు కోసం ఇంజనునూ బయటికి తీయవలసి ఉంటుంది, కాబట్టి క్లచ్, వెనుక ఆయిల్ సీల్ అప్పుడే మార్చాలి. నూనె విషయంలో మరింత జాగ్రత్త కావాలి: పాత బాక్సులో ఇంజను ఆయిలే పోస్తారు, మాజ్డాకు మాత్రం జీఎల్-4 గేరు ఆయిల్ కావాలి.

కారులో ఇప్పటికే ఓవర్‌డ్రైవ్ ఉండి సరిగా పనిచేస్తూ ఉంటే దాన్ని తాకవద్దు. లేకపోతే, రోజూ ఊళ్లో తిరిగే కారుకు మాజ్డాయే మేలని నా అభిప్రాయం. అయితే గేరుబాక్సును కప్పి ఉండే టన్నెల్ రేకును కోయనవసరం లేని కిట్టునే ఎంచుకోవాలి, తీసిన పాత బాక్సును నూనె పట్టించి, గుడ్డ చుట్టి, కారుతో పాటే ఉంచుకోవాలి.