వసంతంలో ఒడ్డు దగ్గరి క్రాపీకి మిన్నోనా, జిగ్గా?

ఫిబ్రవరి నెలాఖరు వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల గాలం పట్టే మనవాళ్లు నన్ను అడిగేది ఒక్కటే: క్రాపీ అనే మంచినీటి చేపకి బతికున్న మిన్నో (ఎరగా గుచ్చే చిన్న చేప) మేలా, జిగ్ (సీసం తల ఉన్న గాలానికి తొడిగిన, చిన్న చేపలా కనపడే ఉత్తుత్తి ఎర) మేలా? పోయిన మార్చిలో మా బావమరిది రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలు దొరికింది. వాడికి చేపలు పట్టే లైసెన్సు లేదు. స్టేట్ పార్కులో ఒడ్డు మీద నుంచి పడితే అక్కర్లేదు కాబట్టి రే రాబర్ట్స్ లేక్ దగ్గర జాన్సన్ బ్రాంచ్ పార్కుకి తీసుకెళ్లాను. నాలుగు రోజులు పొద్దున్నే వెళ్లాం. వాడు మిన్నో, నేను జిగ్.

రెడ్‌బడ్ చెట్లు పూసే రోజుల్లో నీళ్ల వేడి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంటే క్రాపీలు గుడ్లు పెట్టడానికి రెండు మూడడుగుల లోతుకే వచ్చేస్తాయి. మగది ముందొచ్చి గూడు చేసుకుంటుంది, ఆడది వెళ్లిపోయాక గుడ్లకు కాపలా ఉంటుంది. అప్పుడు దాని ఒళ్లు నల్లబడుతుంది. గూటి దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది గానీ, దూరం వెంటపడదు. అందుకే ఎర దాని ముక్కు ముందు ఎంతసేపు ఆగి ఉంటుందన్న దాని మీదే అంతా ఉందని నా నమ్మకం. అదీ కాస్త పైన ఆగాలి. క్రాపీ కళ్లు పైకి చూస్తాయి, కిందుగా పోయే ఎర దానికి కనపడదు.

ఈ లెక్కన మిన్నోకి తిరుగులేదు. బెండు కింద వేలాడదీస్తే చాలు, ఉన్నచోటే ఉండి తనే కదులుతుంది. గోదావరి కాలవల మీద జీలుగు బెండుతో పట్టిన మా బావమరిదికి నేర్పాల్సిన పనే లేకపోయింది. రెండోరోజు ఉత్తరపు గాలి తిరిగి చలి వేసింది. నా జిగ్‌ని ఒక్కటీ ముట్టలేదు, వాడు మాత్రం ఐదు పట్టాడు.

అయినా నాకు మిన్నోతో ఒక బాధ ఉంది. చేప దాన్ని గొంతులోకి మింగేస్తుంది. టెక్సస్‌లో మామూలుగా పదంగుళాల లోపు క్రాపీని వదిలేయాలి కదా. గొంతులోంచి గాలం పీకి, మొప్పల నుంచి నెత్తురు కారుతున్నదాన్ని నీళ్లలో వదిలితే అది బతుకుతుందా? ఆ ఐదింటిలో రెండు అలాంటివే. వాడు చాలాసేపు మాట్లాడలేదు. మిన్నోలు పెట్టుకునే బకెట్ సంగతి కూడా ఉంది. 2012 నుంచీ ఈ లేక్‌లో జీబ్రా మసల్స్ ఉన్నాయి, నీళ్లతో పాటు వేరే లేకులకు పాకిపోయే చిన్న గుల్లలు అవి. వెళ్లేముందు బకెట్‌లో నీళ్లు చుక్క లేకుండా పారబోయాల్సిందే.

జిగ్ అయితే దాదాపు ఎప్పుడూ పెదవికే తగులుతుంది. కానీ దూరంగా విసిరి దారం చుట్టుకుంటూ లాగేవాళ్లకు ఇంత తక్కువ లోతులో అది పనిచేయదు. మెల్లగా చుడితే అడుగున పుల్లలకు పట్టుకుంటుంది, గబగబా చుడితే చేప చూసేలోపే దాటిపోతుంది. "జిగ్‌కి పడట్లేదండీ" అనేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే. దానిపైనా బెండు కట్టండి. ఔన్సులో 32వ వంతు జిగ్, బెండుకి అడుగున్నర కింద. ఇక ముడి చూసుకోండి. ముడి జిగ్ కంటికి, అంటే దారం కట్టే రింగుకి, ముందువైపు జారితే జిగ్ తలెత్తుకుని నిలువుగా వేలాడుతుంది, చిన్న చేప ఏదీ అలా ఈదదు. గోటితో ముడిని కాస్త వెనక్కి నెట్టి, చేత్తో వేలాడదీసి చూడండి, అడ్డంగా, సమంగా ఉండాలి. చేప పడ్డ ప్రతిసారీ మళ్లీ సరిచూసుకోవాలి. ఆ తర్వాత మీరు కదపక్కర్లేదు, అలలే కదుపుతాయి.

మూడోరోజు నేను బెండు మునుగుతుందేమోనని చూస్తున్నాను. "బావా, నీ బెండు పడుకుంది!" అని అరిచాడు వాడు. చేప ఎరను నోట పెట్టుకుని పైకి లేచింది, బరువు పోయి బెండు నీటి మీద వాలిపోయింది. అలాంటప్పుడు గుంజకూడదు. క్రాపీ పెదవి కాగితంలా చిరుగుతుంది, కర్రను మెల్లగా ఎత్తాలి. పన్నెండంగుళాల మగది, మెడ దాకా బొగ్గు రంగు.

ఎర్రలు వేస్తే ముందు బ్లూగిల్స్ అనే చిన్న చేపలు వచ్చి తినేస్తాయి. స్పిన్నర్లు (గిర్రున తిరిగే రేకు ఎరలు) ఒడ్డు పుల్లల్లో చిక్కుకోవడమే తప్ప పెద్ద లాభం లేదు.

నా ఓటు బెండు కింద జిగ్‌కే. చలిగాలి తిరిగిన మర్నాడు మాత్రం మిన్నోలు కొంటాను, కానీ బెండు కదలగానే ఎత్తేస్తాను, మింగే వ్యవధి ఇవ్వను. పట్టినవాటిని వేపుడు చేసుకోండి. కండ మరీ మెత్తన, పులుసులో ముక్క నిలవదు.