‘గ్రాఫైట్’ పోలిష్‌లో వినాలా, ఇంగ్లిష్‌లోనా?

వార్సాలో 1988లో మొదలైన గోతిక్ రాక్ (దిగులు, చీకటి నిండిన రాక్ సంగీతం) బృందం క్లోస్టర్‌కెల్లర్, ‘గ్రాఫైట్’ ఆల్బమ్‌ను పోలిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ తెచ్చింది. బయటి దేశాల శ్రోత ఏది ముందు వినాలి?

ఇంగ్లిష్‌ది తేలిగ్గా అందుతుంది. పాటలోని దిగులు మొదటిసారికే అర్థమవుతుంది. విదేశీ మార్కెట్‌ కోసం ఆ భాషను ఎంచుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు: పోలండ్‌లోని స్కావినా పట్టణపు బృందం డిలైట్, 2007లో రోడ్‌రన్నర్ అనే రికార్డు సంస్థ ద్వారా వచ్చిన ‘బ్రేకింగ్ గ్రౌండ్’ను ఇంగ్లిష్‌లోనే పాడింది.

నా ఓటు మాత్రం పోలిష్‌కే. ఆ భాషలో ఊనిక (నొక్కి పలకడం) సాధారణంగా మాట చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. అందుకే పాదం చివర స్వరం మెల్లగా వాలుతుంది. ఇంగ్లిష్‌లో పొట్టి మాటలెక్కువ, పాదం టక్కున ఆగిపోతుంది. గాయని అన్యా ఓర్తొదోక్స్ గొంతులోని బరువుకు ఆ వాలు కావాలి. పైగా శ, ష, చ ధ్వనులు గిటార్ హోరు మీద గుసగుసల్లా తేలుతాయి; అనువాదంలో పోయేది సరిగ్గా అదే.

అర్థం తెలియదని భయమెందుకు? తెలుగు రాని తమిళ శ్రోతలు త్యాగరాజ కీర్తనల్ని తరతరాలుగా గుండెకు హత్తుకోలేదా? పోలిష్ రికార్డు రెండుసార్లు విన్నాక ఇంగ్లిష్‌ది పెట్టుకోండి.