లౌడా ఫెరారీ మోడల్ కారు: నాలుగు వేలు పెట్టొచ్చా?

1976లో ఫార్ములా వన్ రేసర్ నికీ లౌడా నడిపిన ఫెరారీ 312టీ2, 1:43 (అసలు కారులో 43వ వంతు) డైకాస్ట్ మోడల్, అంటే లోహంతో పోత పోసింది. ఆన్‌లైన్‌లో నాలుగు వేలకు పైనే పడింది. "వేలెడంత కారుకి ఇంతా?" అన్నారు ఇంట్లో. వేలెడంతేం కాదు, పది సెంటీమీటర్లుంది, కానీ ఆ మాట పైకి అనలేదు.

పెయింట్ బాగుంది, ఎక్కడా చారలు లేవు. నాకు బాగా నచ్చింది కాక్‌పిట్‌కి అటూ ఇటూ గాలి వెళ్లే సందులు. ఆ ఏడాది స్పెయిన్ రేసు నుంచి డ్రైవర్ తల వెనకుండే, ఇంజిన్‌కి గాలి అందించే ఎత్తైన ఎయిర్‌బాక్స్‌ని నిషేధించారు, అందుకే గాలి దారి ముందుకొచ్చింది. చౌక మోడళ్లలో అక్కడ కాస్త నల్లరంగు పూసి వదిలేస్తారు, ఇందులో నిజంగానే గుంట తీశారు.

ముక్కు మీద 1 అంకె, లౌడా 1975 ఛాంపియన్ కదా, ఛాంపియన్ కారుకే ఆ నంబరు. ఇలాంటి కారే 1976 ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసులో తగలబడింది, తోటి డ్రైవర్లు కార్లు ఆపి మంటల్లోంచి ఆయన్ని లాగారు, ఆసుపత్రిలో చివరి ప్రార్థనలు కూడా అయిపోయాయి, అలాంటి మనిషి సరిగ్గా 42 రోజులకు కాలిన తలకి కట్లతోనే ఇటలీలోని మోంజాలో రేసుకి దిగి నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ ఏడాది చివరి రేసు జపాన్‌లోని ఫుజీలో, కుండపోత వాన. రెండు ల్యాపులు తిరిగి కారు దిగేశాడు, టైటిల్ ఒక్క పాయింటు తేడాతో ప్రత్యర్థి జేమ్స్ హంట్‌కి పోయింది. అందరూ మోంజా గురించే చెబుతారు గానీ నాకు ఫుజీయే ఇష్టం, లోకమంతా చూస్తుండగా దిగిపోవడానికి ఇంకా గుండె కావాలి. 1977లో మళ్లీ టైటిల్ గెలిచాడు. మధ్యలో మానేసి, తిరిగొచ్చి 1984లో మెక్‌లారెన్ టీమ్‌తో మూడో టైటిల్, అదీ అదే టీమ్ డ్రైవర్ ప్రోస్ట్ మీద 72కి 71.5, అంటే అర పాయింటు!

అర పాయింటుతో ఛాంపియన్ అయినవాడి కారుకి ఆ 1 స్టిక్కర్ అర మిల్లీమీటరు వంకరగా అంటించారు. ఒకసారి కంటపడ్డాక ఇక చూపు అక్కడికే పోతోంది. కుడివైపు అద్దం ఊడి డబ్బా అడుగున దొరికింది. సెల్లర్‌కి ఫొటోలు పంపితే వాపసు తీసుకుంటానన్నాడు, కానీ స్టాక్ అయిపోయింది, వేరేది రాదట. అందుకే నేను వాపసు ఇవ్వలేదు, ఫెవిక్విక్‌తో నేనే అంటించుకున్నా.

చక్రాలు తిరగవు, పిల్లలకైతే కొనకండి. నా రేటింగ్ 5కి 3.5, ఆ అర గాలి సందులకి.