మూడేళ్ళు వాడాక అనువాద యాప్ గురించి: మునగాకులోకి ఆవాలు ఎలా వచ్చాయంటే

ఒంగోలు దగ్గర మునగాకు పొడి చేసి బయటి దేశాలకు పంపే చిన్న యూనిట్‌లో కాగితాల పని నాది. పొడి పరీక్షలు జర్మనీ ల్యాబ్‌లో జరుగుతాయి, రిపోర్టు జర్మన్‌లో వస్తుంది. దాన్ని ఇంగ్లీషు చేయడానికి మూడేళ్ళుగా ఫోన్‌లో ఒక ఉచిత అనువాద యాప్ వాడుతున్నాను. పేరు చెప్పను. చెప్పబోయే తప్పులో సగం నాది.

మామూలు వాక్యాలకు వంక పెట్టలేం. మొక్కల కెమిస్ట్రీలో చాలా జర్మన్ మాటలు 'ష్టోఫ్'తో ముగుస్తాయి, అంటే పదార్థం. 'గెర్బ్‌ష్టోఫ్' అంటే తోలు పదును చేసే పదార్థం. మన తంగేడు చెక్కలో వగరు అదే, ఇంగ్లీషులో టానిన్. ఇలాంటివి యాప్ ఎప్పుడూ తప్పలేదు.

దెబ్బ తిన్నది 'జెన్ఫ్‌యోల్‌గ్లికోజీడె' దగ్గర. జెన్ఫ్ ఆవాలు, యోల్ నూనె, గ్లికోజీడె అంటే చక్కెర అతికి ఉన్న పదార్థాలు. యాప్ 'మస్టర్డ్ ఆయిల్ గ్లైకోసైడ్స్' అంది, నేను అలాగే టైపు చేసి ఇంగ్లండ్ పార్టీకి పంపేశాను. రెండో రోజే మెయిల్: మీ పొడిలో ఆవాలు కలుస్తాయా? అక్కడ లేబుల్ మీద తప్పనిసరిగా చూపాల్సిన 14 ఎలర్జీ పదార్థాల్లో ఆవాలు ఒకటి. సరుకు ఆగింది. మా ఓనర్ గారు ఫోన్ చేసి, "ఏందమ్మా, మునగాకును ఆవకాయ జాడీల పక్కన ఆరబెట్టామా?" అన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

నిజానికి యాప్ మాటకు మాట సరిగ్గానే చెప్పింది. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఆ పేరుండేది. ఇప్పుడు వాడే పేరు గ్లూకోసినోలేట్లు, అందులో 'మస్టర్డ్' అన్న మాట లేదు. పదార్థం మాత్రం ఆవాలకు బంధువే. ఆవాలు పొడిగా ఉన్నంతసేపూ ఘాటుండదు, నీళ్ళు చల్లి నూరితే ముక్కు అదురుతుంది. ఆవపెట్టిన కూర వండేవాళ్ళకు ఇది తెలిసిందే. గింజలో గ్లూకోసినోలేట్లు ఒకచోట, మైరోసినేస్ అనే ఎంజైమ్ ఇంకోచోట ఉంటాయి. నలిగి తడిస్తే రెండూ కలిసి ఐసోథయోసైనేట్లు అనే ఘాటు పదార్థాలు పుడతాయి. జర్మన్లు ఆ ఘాటుకే ఆవనూనె అని పేరు పెట్టారు. మునగలో ఉన్నదీ ఈ కుటుంబమే, మునగ వేరు కాస్త నలిపి చూడండి. ఇదంతా రెండు పేరాల్లో రాసి పంపాక సరుకు కదిలింది.

ఇంకో మాట కూడా గమనించాను. 'ఇన్‌హాల్ట్స్‌ష్టోఫె'ని యాప్ చాలాసార్లు 'ఇంగ్రీడియెంట్స్' చేస్తుంది. అది మనం కలిపినవాటికి చెప్పే మాట. ఆకులో సహజంగా ఉండేవాటికి 'కాన్‌స్టిట్యుయెంట్స్' అనాలి. లేబుల్ కాగితాల్లో ఈ తేడా చిన్నది కాదు. 'సెకుండేరె ఫ్లాంట్సెన్‌ష్టోఫె' సంగతీ ఇంతే. 1891లో ఆల్బ్రెక్ట్ కోసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త మొక్కల పదార్థాలను ప్రాథమికం (బతకడానికి అన్ని మొక్కల్లోనూ ఉండేవి), ద్వితీయం (కొన్నింట్లోనే ఉండేవి) అని విడదీశాడు, ఆ ద్వితీయమే ఇది. యాప్ 'సెకండరీ ప్లాంట్ సబ్‌స్టెన్సెస్' అంటుంది. తప్పు కాదు గానీ, ఆహారం రంగంలో 'ఫైటోకెమికల్స్' అంటేనే అవతలివాడికి ఎక్కుతుంది. మా ఓనర్ గారు ఒకసారి "సెకండరీ అంటే రెండో రకం సరుకా?" అని అడిగారు కూడా.

ఇప్పుడు యాప్ మానలేదు, పద్ధతి మార్చాను. యాప్ ఇచ్చిన మాటను నేరుగా ఎక్కించను. జర్మన్ వికీపీడియాలో ఆ మాట వెతికి, అదే పేజీ ఇంగ్లీషులో తెరిచి పేరు చూస్తాను. రిపోర్టులో ఫార్ములా ఉంటే దాన్నీ సరిపోల్చుకుంటాను, అది ఏ భాషలోనూ మారదు కాబట్టి. పేజీకి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. కెమెరాతో నేరుగా చదివించడం మాత్రం పూర్తిగా వదిలేశాను. పట్టికల్లో అంకెలు పక్క గడిలోకి జరిగిపోతున్నాయి.

ఉత్తరాలకైతే ఐదుకు నాలుగు ఇస్తాను. ల్యాబ్ రిపోర్టులకు రెండున్నర.