చిన్న ట్రాక్టర్ కొంటున్నారా? డెలివరీ రోజు అన్నిటికంటే మొదట గంటల మీటర్ చూడండి

ఒడిశాలో గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి చుట్టుపక్కల చిన్న డీజిల్ ట్రాక్టర్ కోసం తిరుగుతున్న అన్నదమ్ములందరికీ ఈ మాట. బయానా ఇచ్చే ముందు ఒక్కసారి చదవండి. నాకు ఈ సంగతులన్నీ డబ్బు కట్టేశాకే తెలిశాయి.

మాకు వంశధార వైపు ఐదెకరాల పల్లం, పైన మూడెకరాల మెట్టలో పత్తి. పెద్ద బండి పత్తి సాళ్లలో దిగదు. ఉభాల రోజుల్లో కిరాయి బండి కోసం నాలుగిళ్లు తిరిగినా దొరకదు. అందుకని పాతిక హెచ్‌పీ లోపు బండి తీసుకుందామని మూడు నెలలు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441 రెండూ 24 హెచ్‌పీ అనే ఉంటాయి, రెండూ 750 కిలోలు ఎత్తుతాయనే ఉంటుంది. లోపల చూస్తే మొదటిది రెండు సిలిండర్లు, 1366 సీసీ. రెండోది మూడు సిలిండర్లు, 1123 సీసీ, ఇంజను ఎక్కువ ఆర్‌పీఎం మీద తిరుగుతుంది. హెచ్‌పీ ఒకటే అయినంత మాత్రాన బండ్లు ఒకటి కావని అప్పుడే అర్థమైంది. ఇదంతా బాగానే చదివాను. చివరికి తీసుకున్నది ఇంకో కంపెనీది. దాని పేరు రాయను, నన్ను ముంచింది అమ్మిన చోటు.

మా వైపు డీలరు చెప్పిన ధర కంటే ఆంధ్రా వైపు ఒక షోరూంలో 28 వేలు తగ్గిస్తామన్నారు. "బాబూ, 24 హెచ్‌పీ బండి, నాలుగడుగుల రోటావేటర్ హాయిగా లాగేస్తుంది, అదీ మేమే ఇప్పిస్తాం" అన్నాడు కుర్రాడు. రోటావేటర్ అంటే బండి వెనక తగిలించి నేలని గుల్ల చేసే పరికరం. మా బావ వద్దన్నాడు. నేను వినలేదు.

బండి ఇంటికొచ్చింది, కొబ్బరికాయ కొట్టాం, పనిలో దింపాం. నా పొలంలో పట్టుమని పన్నెండు గంటలు తిరగకముందే, ఇంజను నడిచిన గంటలు చూపే మీటర్ 50 చూపించి మొదటి సర్వీసుకొచ్చేసింది. అప్పుడు గుండె ఝల్లుమంది. డెలివరీ రోజు పిల్లలు తీసిన ఫోటో పెద్దది చేసి చూస్తే మీటర్లో అప్పటికే 38 గంటలున్నాయి. ఫోన్ చేస్తే "లారీ ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు తిరుగుతుంది బాబూ" అన్నారు. లారీ ఎక్కించడానికి 38 గంటలా? ఊళ్లలో డెమోకి తిప్పిన బండిని కడిగి, టైర్లకి నలుపు పూసి నాకు కట్టబెట్టారు. అమ్మకం సర్టిఫికెట్, అంటే ఫారం 21, తీసి చూస్తే తయారైన నెల నేను కొన్ననాటికి పద్నాలుగు నెలల వెనక్కి ఉంది. ఆ కాగితం మొదటి రోజు నుంచీ నా చేతిలోనే ఉంది.

వారంటీకి సంవత్సరాలతో పాటు గంటల లెక్క కూడా ఉంటుంది, ఏది ముందు పూర్తయితే అంతటితో సరి. అంటే ఆ 38 గంటలూ నా వారంటీలోంచి పోయినట్టే.

అసలు కష్టం ఆషాఢంలో వచ్చింది. దమ్ము పడుతుంటే ముందు ఇరుసు సీలు పోయి నూనె కారడం మొదలైంది, బురద లోపలికి పోయింది. మా వైపు సర్వీసు వాళ్లు "మా దగ్గర కొనలేదు కదా, అమ్మినవాళ్లనే అడగండి" అన్నారు. అమ్మినవాళ్లు "బండి ఇక్కడికి తీసుకురండి" అన్నారు. ఆ సీలు చేతికొచ్చేసరికి 19 రోజులు. నారు ముదిరిపోయింది. కిరాయి బండి పెట్టి రెండెకరాలు ఊడ్చాం, మిగతాది ఆలస్యంగా పడింది. తగ్గించామన్న 28 వేలు అక్కడే కరిగిపోయాయి.

ఆ నాలుగడుగుల రోటావేటర్ సంగతి కూడా చెప్పాలి. ఇంజను హెచ్‌పీ మొత్తం రోటావేటర్‌కి చేరదు. దాన్ని తిప్పేది పీటీఓ, అంటే బండి వెనక తిరిగే చిన్న ఇరుసు, అక్కడికొచ్చే బలం ఎప్పుడూ ఇంజను లెక్కకంటే తక్కువే. జిగట నేలలో నా బండి మూలుగుతుంది, వేడెక్కుతుంది. ఈ తరగతి బండికి మీటరు వెడల్పు లోపు రోటావేటర్ చాలు. బ్రోచర్లో హెచ్‌పీ వదిలేసి పీటీఓ హెచ్‌పీ ఎంతో అడగండి. దానికంటే మంచి దారి ఇంకోటుంది. మధ్యప్రదేశ్ బుద్నీలో కేంద్ర ప్రభుత్వ ట్రాక్టర్ పరీక్ష సంస్థ ఉంది. వాళ్ల రిపోర్టులో పీటీఓ దగ్గర కొలిచిన బలం, ఎత్తే బరువు ఉంటాయి, దమ్ములో నడిపాక సీళ్ల లోపలికి నీళ్లు, బురద వెళ్లాయా అన్నది కూడా రాస్తారు. వరి వేసేవాళ్లకి ఆ ఒక్క పేజీ వంద బ్రోచర్లతో సమానం. మీరు చూస్తున్న మోడల్ రిపోర్టు కావాలని డీలర్నే అడగండి. ఇవ్వడానికి నసిగితే లేచి వచ్చేయండి.

కాగితాల బాధ ఇంకా తీరలేదు. బండికి ఆంధ్రా నెంబరు వేయించి ఇచ్చారు. పన్నెండు నెలలు దాటి ఇంకో రాష్ట్రంలో ఉంచితే అక్కడి నెంబరుకి మార్చాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. మా ఒడిశా నెంబరు, ఓడీ 18, కావాలంటే ఆంధ్రా ఆర్టీవో ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, కావాలి. బండి మీద అప్పుంది కాబట్టి ఫైనాన్స్ వాళ్ల అనుమతి కూడా కావాలి. ఇప్పటికి మూడుసార్లు పని మానుకుని తిరిగాను. రాయితీ కోసం బ్లాకు వ్యవసాయ ఆఫీసుకెళ్తే, పొరుగు రాష్ట్రంలో కొన్న బండికి ఇక్కడ ఏమీ రాదని చెప్పేశారు. కొనకముందే అడిగి ఉండాల్సింది.

ధర మాట్లాడేటప్పుడు ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు లెక్క చెప్పి "మీకోసం తగ్గించాం" అంటే నమ్మకండి, బిల్లులో పన్ను వేరుగా చూపించమనండి. పత్తికి తీసుకునేవాళ్లు టేపు పట్టుకెళ్లి ఒక టైరు బయటి అంచు నుంచి అవతలి టైరు బయటి అంచు దాకా కొలవండి, మీ సాళ్ల దూరంతో పోల్చండి.

మా పక్క ఊళ్లలో ఇద్దరు అదే తగ్గింపు మాటకి ఒప్పుకుని ఈ నెలలోనే బండి తెచ్చుకోబోతున్నారని విన్నాను. వాళ్లెవరో నాకు తెలియదు, మీకు తెలిస్తే ఇది చూపించండి. డబ్బు పూర్తిగా కట్టకముందే మీటరుకి, ఛాసిస్ నెంబరుకి ఫోటో తీసుకోమనండి, ఫారం 21లో తయారైన నెల చూడమనండి. మీటరు ఐదారు గంటలు దాటి ఉంటే తాళం తీసుకోవద్దనండి.